నిద్రలో ఒళ్లు నొప్పెడితే పడుకునే తీరు మార్చుకోవడం ఎలా?

(శరీర శాస్త్రం – ఆరోగ్యం)
రచన: 9వ తరగతి విద్యార్థిని

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని పెద్దలు చెప్తారు. అది నిజమే. పగలంతా బడి, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్ అయ్యాక మనకి గచ్చు అయినా ఒకటే, పరుపు అయినా ఒకటే. పడుకోగానే నిద్ర పట్టేస్తాది. కానీ నిద్రకి సుఖం తెలీకపోయినా మెడకి తెలుసు, నడుముకి తెలుసు, చేతికి తెలుసు. అవి పొద్దున్న చెప్తాయి.

ఈ మధ్య మన హాస్టల్లో ఆరో తరగతి చెల్లెలు ఒకామెకి మెడ పట్టేసింది. బోర్డు వైపు చూడాలంటే తల తిరగక భుజాలతో సహా ఒళ్లంతా తిప్పుతుంది. పాఠం వినకుండా పక్కకి చూస్తోందని అనుకుని ఒక పీరియడ్ అంతా నిలబెట్టారు. ఆమె కొత్తగా వచ్చిన పిల్ల, చెప్పుకోలేకపోయింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను. అక్కలూ, చెల్లెళ్లూ, దయచేసి ఆఖరి దాకా చదవండి.

1. మెడలో ఏముంది?

మన వెన్నెముకలో 33 వెన్నుపూసలు ఉన్నాయి. అందులో మెడ భాగానివి 7. జిరాఫీ మెడ అంత పొడుగున్నా దానికీ 7 పూసలే. పూసకీ పూసకీ మధ్య మెత్తని బిళ్లల్లాంటివి ఉంటాయి. వాటిని డిస్కులు అంటారు. పగలు మనం నిలబడి, కూర్చుని, బరువు మోస్తే అవి కొంచెం నలుగుతాయి. రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని మళ్లీ ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న లేచేసరికి మనం రాత్రి కంటే సుమారు 1 సెంటీమీటరు ఎత్తుగా ఉంటాం. గోడ మీద సుద్దముక్కతో గీత గీసి ఎవరైనా చూసుకోవచ్చు. అంటే పడుకోవడం కళ్లకే కాదు, ఎముకల మధ్య బిళ్లలకి కూడా విశ్రాంతి.

బోర్లా పడుకుంటే ఏమవుతాది? ముక్కు నేలకి ఆనితే గాలి ఆడదు. కాబట్టి తల ఒక పక్కకి తిప్పక తప్పదు. మెడ ఎంత తిరగగలదో దాదాపు అంతా తిప్పేసి గంటల తరబడి ఉంచుతాం. ఒక పక్క కండరాలు సాగుతాయి, ఇంకో పక్కవి ముడుచుకుంటాయి. నమ్మకపోతే ఇప్పుడే తల పూర్తిగా ఎడమకి తిప్పి ఈ పేరా అయ్యేదాకా అలాగే చదవండి. ఎంతసేపు ఓర్చుకోగలరు? మెలకువలో 5 నిమిషాలు ఓర్చుకోలేనిది నిద్రలో గంటలు గంటలు మెడ చేత చేయిస్తున్నాం.

మహాభారతంలో భీష్ముడు అంపశయ్య మీద పడ్డాక తల కిందికి వేలాడింది. కౌరవులు మెత్తని దిండ్లు తెచ్చారు. ఆయన వద్దన్నాడు. అర్జునుడు మూడు బాణాలు నేలలో నాటి తలకి ఊతం ఇచ్చాడు. ఒంటినిండా బాణాలు ఉన్న మనిషి కూడా ముందు మెడకి ఊతమే అడిగాడు. మెత్తదనం కంటే సరైన ఎత్తు ముఖ్యం అని దీనివల్ల మనకి తెలుస్తుంది.

2. తిమ్మిరి ఎందుకు ఎక్కుతాది?

చెయ్యి తిమ్మిరెక్కితే "రక్తం ఆగిపోయింది" అంటాం. అసలు సంగతి ఏమిటంటే నరం నొక్కుకుంటుంది. ఆ నరానికి ఆహారం తెచ్చే సన్నని రక్తనాళాలు కూడా నొక్కుకుంటాయి. నరం వార్త మోయడం తగ్గిస్తుంది. అప్పుడు చెయ్యి మొద్దుబారుతుంది. చెయ్యి తీయగానే నరం మళ్లీ పని మొదలుపెడుతుంది. అప్పుడే చీమలు పాకినట్టు ఉంటుంది.

ఏ వేళ్లకి తిమ్మిరి వచ్చిందో చూస్తే ఏ నరం నొక్కుకుందో చెప్పొచ్చు.

(అ) చిటికెన వేలు, దాని పక్క వేలు: మోచెయ్యి బాగా మడిచి తల కింద పెట్టుకున్నారని అర్థం. మోచేతి లోపలి వైపు దెబ్బ తగిలితే జివ్వుమనేది ఈ నరమే.

(ఆ) బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు: మణికట్టు మడిచి ఒంటి కింద పెట్టుకున్నారని అర్థం.

(ఇ) మణికట్టు పైకి లేవకపోవడం: భుజానికీ మోచేతికీ మధ్య చెయ్యి మీద ఎక్కువసేపు బరువు పడితే ఇలా అవుతుంది. చెల్లెల్ని చెయ్యి మీద పడుకోబెట్టుకునే అక్కలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మామూలు తిమ్మిరి కొన్ని నిమిషాల్లో పోతుంది. పోకపోతే, చెయ్యి బలంగా పట్టుకోలేకపోతే, మణికట్టు వేలాడితే ఆ రోజే వార్డెన్ అమ్మగారికి చెప్పాలి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి గడ్డం గుండెకి ఆనకపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. అది పడక వల్ల వచ్చిన నొప్పి కాదు. మెదడు పొరలకి వచ్చే జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

3. నిద్రలో మనం కదులుతామా?

కదులుతాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్క రాత్రిలో పదిసార్లకి పైగా ఒత్తిగిలుతాడు. పొద్దున్న అతనికే గుర్తుండదు. ఒకచోట ఎక్కువసేపు ఒత్తిడి పడితే ఒళ్లే మనల్ని తిప్పుతుంది. ఇది ప్రకృతి ఇచ్చిన కాపలా.

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఒక సంగతి కనిపెట్టారు. నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయి. ఆ సమయంలోనే కలలు ఎక్కువగా వస్తాయి. అప్పుడు చేతులు, కాళ్ల కండరాలు సడలిపోయి ఉంటాయి. ఆ కలల నిద్రకి ముందూ తర్వాతా మనం ఎక్కువగా దొర్లుతాం.

దీనివల్ల తెలిసేది ఏమిటి? "ఈ రాత్రి నేను అస్సలు బోర్లా తిరగను" అని ఒట్టు పెట్టుకున్నా లాభం లేదు. నిద్రపోయాక ఒట్టు వినేవాళ్లు ఎవరూ ఉండరు. నిద్రలో ఉన్న ఒంటికి ఆజ్ఞ ఇవ్వలేం. కానీ నిద్రకి ముందు పడకని సర్దగలం. మార్చాల్సింది పడకని. ఒళ్లు దాని వెనకాల నెమ్మదిగా వస్తాది.

4. అలా ఎందుకు పడుకుంటాం?

కారణం తెలీకుండా అలవాటు మార్చలేం. మన హాస్టల్లో నాకు కనబడిన కారణాలు నాలుగు.

చలి: మన ఏజెన్సీలో లంబసింగి, చింతపల్లి వైపు సుమారు 1000 మీటర్ల ఎత్తు. లంబసింగిలో చలికాలంలో సున్నా డిగ్రీల దాకా దిగిన రోజులు ఉన్నాయి. చలి వేస్తే మోకాళ్లు గడ్డానికి చేర్చి ముడుచుకుంటాం. అలా చేస్తే గాలికి తగిలే చర్మం తగ్గుతుంది, వేడి తక్కువ పోతుంది. అది ఒంటి తెలివి. కానీ రాత్రంతా ముడుచుకుంటే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. "తిన్నగా పడుకో" అని చెప్తే చాలదు, ముందు చలి తగ్గాలి.

ఇక్కడ మన భౌతిక శాస్త్రం పనికొస్తాది. మన వేడిని గాలి మాత్రమే కాదు, గచ్చు కూడా లాగేస్తుంది. దీన్ని ఉష్ణవహనం అంటారు. పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద పలచని కార్పెట్ ఒక్కటే ఉంటే కింద నుంచి వేడి పోతూనే ఉంటుంది. నిలిచి ఉన్న గాలి వేడిని సరిగా మోయదు. గోనె, గడ్డి, నలిపిన కాగితం మధ్యలో గాలి చిక్కుకుని ఉంటుంది. అందుకే మా అమ్మమ్మ చాప కింద వరిగడ్డి పరుస్తుంది. "పైన కప్పింది ఒళ్లు చూస్తాది, కింద పరిచింది ఎముక చూస్తాది" అంటాది.

చోటు లేకపోవడం: వరుసలో పక్కపక్కనే పడుకుంటాం. మధ్యలో పిల్ల తిరిగితే రెండు పక్కలా అందరూ తిరగాలి. గోడ దగ్గర పిల్లకి ఒకవైపే దారి. దోమతెరకి చెయ్యి ఆనితే దోమ బయట నుంచే కుడుతుంది కాబట్టి ఇంకా దగ్గరికి ముడుచుకుంటాం.

భయం, బెంగ: ఇంటి దగ్గర అమ్మ వీపుకో, అమ్మమ్మ వీపుకో అతుక్కుని పడుకున్న పిల్లలు ఇక్కడ పొట్ట నేలకి ఆనించి పడుకుంటారు. పొట్టకి ఏదో ఒకటి ఆనితేనే వాళ్లకి ధైర్యం. వాళ్లని "కప్ప" అని పిలవడం మంచిది కాదు.

నొప్పి: నెలసరి రోజుల్లో పొట్ట పట్టుకుని ముడుచుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరినీ తిన్నగా పడుకోమని అనకండి.

5. మార్చుకునే పద్ధతి

ముందు ఒక మాట. నొప్పి లేకపోతే మార్చుకోవక్కరలేదు. బోర్లా పడుకున్నా పొద్దున్న హాయిగా లేచేవాళ్లని వదిలేయాలి. నొప్పి, తిమ్మిరి ఉన్నవాళ్లే ఇవి చేయండి.

(1) బోర్లా నుంచి పక్కకి: పాత దుప్పటి గానీ, బట్టల మూట గానీ పొడుగ్గా చుట్టి పొట్టకీ గుండెకీ ఆనించి కౌగిలించుకోండి. పై కాలు మడిచి దాని మీద వేయండి. పొట్టకి ఊతం దొరుకుతుంది, బోర్లా పడిపోకుండా మూట అడ్డం ఉంటుంది.

(2) తలగడ ఎత్తు: పక్కకి పడుకుంటే చెవికీ నేలకీ మధ్య భుజం వెడల్పు అంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ నిండేంత ఎత్తు కావాలి. తలగడ లేకపోతే పాత లంగా మడతలు పెట్టి ఎత్తు చూసుకోవచ్చు. తల పైకి లేవకూడదు, కిందికి వాలకూడదు. ముక్కు, గడ్డం, గుండె నడిమి భాగం ఒకే గీతలో ఉన్నాయో లేదో పక్క పిల్లని చూడమనండి.

(3) వెల్లకిలా పడుకునేవాళ్లు: తల కింద తక్కువ ఎత్తు చాలు. నడుము నొప్పెడితే మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెట్టండి. గురక వచ్చేవాళ్లకి వెల్లకిలా కంటే పక్కకి తిరిగితే మంచిది.

(4) చెయ్యి తిమ్మిరెక్కేవాళ్లు: తల కింద చెయ్యి తీసేయండి. నిద్రలో మళ్లీ మడుస్తుంటే మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టండి. అప్పుడు మోచెయ్యి పూర్తిగా మడవదు. బిగించి కట్టొద్దు.

(5) కడుపులో మంట వచ్చేవాళ్లు: అన్నం తినగానే పడుకోవద్దు. పడుకున్నాక ఎడమ పక్కకి తిరగండి. జీర్ణాశయం ఎడమవైపుకి వంగి ఉంటుంది కాబట్టి పులుపు గొంతులోకి రావడం తగ్గుతుంది.

(6) మధ్యలో మెలకువ వచ్చి చూస్తే మళ్లీ బోర్లా ఉన్నామనుకోండి. విసుక్కోకుండా తిరిగి మూట పట్టుకుని పక్కకి తిరగండి. ఒక్క రాత్రిలో అలవాటు మారదు. కొన్ని వారాలు పట్టొచ్చు.

(7) బోర్లా తప్ప నిద్రే పట్టనివాళ్లు: తల కింద ఎత్తు తీసేయండి. పొత్తికడుపు కింద మడిచిన గుడ్డ పెట్టండి, నడుము వంగకుండా ఉంటుంది. ఒక రాత్రి ఎడమకి, ఒక రాత్రి కుడికి తల తిప్పండి.

(8) ముసుగుతన్ని పడుకోవద్దు. ఒళ్లంతా కప్పుకోండి, ముక్కు మాత్రం బయట ఉండాలి. విడిచిన గాలే మళ్లీ పీల్చడం మంచిది కాదు.

6. మా వరుసలో ఏం జరిగింది?

మా వరుసలో ముగ్గురు ఈ పద్ధతులు చేసి చూశారు.

మెడ పట్టేసిన ఆరో తరగతి చెల్లెలు మూట పట్టుకుని పడుకుంది. మొదటి నాలుగు రాత్రులు పొద్దున్నకి మూట ఒకచోట, ఆమె ఒకచోట. ఐదో రాత్రి వాళ్ల అమ్మమ్మ పాత చీర ఇంటి నుంచి తెచ్చుకున్నది ఉంటే దాన్ని మూట మీద చుట్టాం. ఆ రాత్రి మూట వదల్లేదు. ఇప్పుడు మూడు వారాలైంది. అప్పుడప్పుడు బోర్లా తిరుగుతుంది గానీ మెడ మళ్లీ పట్టలేదు. క్లాసులో తల తిప్పి బోర్డు చూస్తోంది.

పదో తరగతి అక్కకి చిటికెన వేలు తిమ్మిరి. పొద్దున్న స్టడీలో పెన్ను జారిపోయేది. పబ్లిక్ పరీక్షల సంవత్సరం కదా, భయపడింది. మోచేతికి తువ్వాలు చుట్టుకుంది. వారం రోజులకి తగ్గింది.

మూడో ఆమె నా క్లాసుమేటు. మూట పెట్టుకుంటే అసలు నిద్రే పట్టలేదు. రెండు రాత్రులు చూసి మానేసింది. ఆమెకి నొప్పి ఏమీ లేదు, ఊరికే మాతో పాటు చేసింది. తలగడ మాత్రం పలచగా చేసుకుంది. అది కూడా సరే. ఒకరికి కుదిరింది అందరికీ కుదరాలని లేదు.

ఇంకొక సంగతి. చెల్లెలు పక్కకి పడుకుని మోకాలు మడవాలంటే చోటు కావాలి. ఆ చోటు మేమే ఇవ్వాలి. అందుకని మా వరుసలో ఒకరి తల ఉన్నవైపు పక్కవాళ్ల కాళ్లు వచ్చేలా తారుమారుగా పడుకున్నాం. అప్పుడు భుజాలు భుజాలు తగల్లేదు. అందరికీ కొంచెం చోటు మిగిలింది. కాళ్లు కడుక్కుని పడుకోవాలని అందరం ఒప్పుకున్నాం! గోడ పక్క చోటు వారానికి ఒకరు చొప్పున మార్చుకుంటున్నాం.

7. తమంతట తాము తిరగలేనివాళ్లు

మనకి ఒత్తిగిలడం వచ్చు. అది రానివాళ్లు మన ఇళ్లల్లో ఉంటారు. సెలవులకి వెళ్లినప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి.

పసిపిల్లలు: ఏడాది లోపు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా పడుకోబెడితే నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. అమెరికాలో 1994 నుంచి ఈ మాట ఊరూరా చెప్పారు. అప్పటి నుంచి అలాంటి మరణాలు బాగా తగ్గాయి. పిల్ల ముఖం దగ్గర మెత్తని బట్టలు, తలగడలు ఉంచకూడదు.

గర్భిణీ స్త్రీలు: 28 వారాలు నిండాక పక్కకి తిరిగి నిద్రపోవడం మంచిది. వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుంది. మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే భయపడక్కరలేదు, పక్కకి తిరిగితే చాలు.

మంచాన పడ్డ ముసలివాళ్లు: కదలకుండా ఒకే పక్క ఉంటే ఎముక ఆనినచోట చర్మానికి రక్తం అందక పుండ్లు పడతాయి. సుమారు రెండు గంటలకి ఒకసారి వాళ్లని పక్కకి తిప్పాలి. పిర్రలు, మడమలు, తుంటి దగ్గర ఎర్రబడిందేమో చూడాలి.

స్పృహ తప్పినవాళ్లు: ఊపిరి ఆడుతూ ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే నాలుక వెనక్కి పడి, వాంతి గొంతులోకి పోయి ఊపిరి ఆగొచ్చు. మూర్ఛ వచ్చినవాళ్లని కూడా కొట్టుకోవడం తగ్గాక ఇలాగే తిప్పాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు.

8. వార్డెన్ అమ్మగారికి మనవి

అమ్మగారూ, మేము కొత్త పరుపులు అడగడం లేదు. మూడు చిన్న సంగతులు అడుగుతున్నాం.

ఒకటి: చలి నెలల్లో వంటశాలలో ఖాళీ అయిన బియ్యం గోనెలు ఒక్కొక్కరికి రెండు చొప్పున కార్పెట్ కింద పరుచుకోవడానికి ఇప్పించండి. దులిపి, ఎండలో వేసి, బాగా ఆరబెట్టుకుంటాం. గోనెలకి లెక్క ఉంటుందని మాకు తెలుసు. చలి పోయాక ఒక్కటి కూడా తగ్గకుండా లెక్కపెట్టి అప్పజెప్తాం.

రెండు: వరుసలో తారుమారుగా పడుకోవడానికి అనుమతి ఇవ్వండి. రాత్రి రౌండుకి వచ్చినప్పుడు తలలు లెక్కపెట్టడానికి ఇబ్బంది అయితే ప్రతి వరుసకి ఒక లీడర్ లెక్క చెప్తుంది.

మూడు: పొద్దున్న ఎవరైనా మెడ తిప్పలేక, చెయ్యి ఎత్తలేక ఉంటే డ్రిల్లుకి ముందు మీకు చెప్తాం. ఆ రోజు వాళ్లని క్లాసులో నిలబెట్టకుండా మీరు టీచర్లకి ఒక చీటీ రాసి ఇవ్వండి.

9. ప్రశ్నలు

(1) మన మెడలో పూసలు ఎన్ని? జిరాఫీ మెడలో ఎన్ని?
(2) చిటికెన వేలు తిమ్మిరెక్కితే ఎలా పడుకున్నట్టు?
(3) చలికి పైన ఇంకో దుప్పటి కప్పుకోవడం మంచిదా, కింద పరుచుకోవడం మంచిదా? కారణం రాయండి.
(4) ఏడాది లోపు పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలి?
(5) మీ వరుసలో ఎవరికి పొద్దున్న నొప్పి ఉంటోంది? అడిగి తెలుసుకుని, వాళ్లకి ఇష్టమైతే పేరు రాయండి.

జవాబులు కాగితం మీద రాసి శనివారం లోపు నాకు ఇవ్వండి. ఐదో ప్రశ్న జవాబులు మాత్రం గోడ మీద పెట్టం, అమ్మగారికి ఇస్తాం.